పథ్యమూ ప్రసాదమూ

తీపి మానుకోవాలన్న నియమం వైద్యుని సలహా వల్ల వచ్చినదైనా, సొంత నిశ్చయంతో పెట్టుకున్నదైనా, దానిని ఇంటి వంటగదిలో పాటించడం అంత కష్టం కాదు. పంచదార డబ్బా అందుబాటులో లేకుండా చూసుకుంటే సగం పని తీరిపోతుంది. ఆ నియమానికి అసలు పరీక్ష గడప దాటిన తరువాతనే ఎదురవుతుంది: పెళ్ళి పంక్తిలో, గృహప్రవేశంలో, వ్రతకథ ముగియగానే దొన్నెలో పెట్టి అందించే ప్రసాదం ముందు, తీర్థయాత్రలో, రైలు ప్రయాణంలో. ఈ సందర్భాలలో చేతికి వచ్చే తీపిని తినుబండారంగా మాత్రమే చూడడం సాధ్యం కాదు, ఎందుకంటే విస్తరిలో వేసే బొబ్బట్టు వెనుక పిలిచినవారి ఆప్యాయత ఉంటుంది, నోరు తీపి చేయడం వెనుక శుభాకాంక్ష ఉంటుంది, గుడిలో అరచేతిలో పెట్టే చక్కెర పొంగలి వెనుక దైవానుగ్రహం ఉన్నదన్న విశ్వాసం ఉంటుంది. తీపిని వద్దన్న మనిషి ఆ ఆప్యాయతను, ఆ శుభాన్ని, ఆ అనుగ్రహాన్ని కూడా వద్దన్నట్టేనా అన్న ప్రశ్నకు మందుల చీటీలో సమాధానం దొరకదు. అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న, కనుక దానిని ధర్మగ్రంథాల వెలుగులోనే పరిశీలించవలసి ఉంటుంది.

ఈ పరిశీలన ఏ కొద్దిమందికో పనికివచ్చేది కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రచురితమైన ఇండియాబ్ అధ్యయనం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని, మరో 13.6 కోట్ల మంది దాని ముంగిట ఉన్నారని అంచనా వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకాలు, ఆహారం నుంచి వచ్చే మొత్తం శక్తిలో విడిగా కలిపే చక్కెరల వాటా పది శాతం దాటకూడదని, అయిదు శాతం లోపు, అంటే రోజుకు దాదాపు 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలని చెబుతున్నాయి. ఆ లెక్కలో బెల్లానికీ తేనెకూ మినహాయింపు లేదు. పంచదార మాని బెల్లం తింటే దోషం లేదన్న నమ్మకం మన ఇళ్ళలో బలంగా ఉన్నా, బెల్లంలో ప్రధానంగా ఉన్నది కూడా చెరకు నుంచి వచ్చిన ఆ సుక్రోజే కాబట్టి, రక్తంలోకి చేరాక రెండింటి నడత ఇంచుమించు ఒకటే. తెలుగు వాడుకలో జబ్బుకూ దాని కారకంగా భావించే పదార్థానికీ షుగర్ అన్న ఒకే పేరు స్థిరపడిపోయింది గనుక, షుగర్ ఉందని చెప్పినవారి విస్తరి వైపు పంక్తిలోని చూపులన్నీ తిరగడం కూడా మామూలైపోయింది.

వద్దన్న మాట పెట్టేవారి మనసును ఎందుకంత నొప్పిస్తుందో ముందుగా గ్రహించాలి. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నం విషయంలో కొన్ని వ్రతాలను విధిస్తుంది: అన్నాన్ని నిందించరాదు, అన్నాన్ని త్రోసిపుచ్చరాదు, అన్నాన్ని విరివిగా పండించాలి, ఇంటికి వచ్చినవారిని తిప్పి పంపరాదు. వీటిలో రెండవదానిని పైపైన చదివితే తీపి మానినవారు అడుగడుగునా వ్రతభంగం చేస్తున్నట్టే కనిపిస్తుంది. మహాభారతంలోని ఉద్యోగపర్వం ఈ భావానికి మరింత పదును పెడుతుంది. రాయబారానికి వచ్చిన శ్రీకృష్ణుడు దుర్యోధనుడు సిద్ధం చేయించిన విందును నిరాకరించి, కారణం అడిగినప్పుడు, ఒకరి ఇంట భోజనం చేయడానికి ప్రీతి అయినా కారణం కావాలని, లేదా ఆపద అయినా కారణం కావాలని, ఆ ఇద్దరి మధ్య ఆ రెండూ లేవని స్పష్టంగా చెబుతాడు. అక్కడ భోజనాన్ని కాదనడమంటే బంధుత్వం తెగిందని సభాముఖంగా ప్రకటించడమే. మన సమాజం వద్దన్న మాటను నేటికీ ఆ అర్థంలోనే వింటోంది. వియ్యపురాలు పెట్టిన సున్నుండను ముట్టని వియ్యపురాలి గురించి నాలుగు రోజులు చర్చ జరగడానికి మూలం ఇక్కడే ఉంది. ఆమె వద్దన్నది సున్నుండనే అయినా, ఎదుటివారు విన్నది వియ్యాన్ని వద్దన్నట్టుగానే.

అయితే ఉద్యోగపర్వంలోని ఆ సమాధానాన్ని తిరగవేసి చదివితే తీపి మానినవారికి కావలసిన దారి అందులోనే కనిపిస్తుంది. భోజనానికి విలువనిచ్చేది ప్రీతి అయినప్పుడు, ప్రీతి నిండుగా ఉన్నచోట పదార్థం కొరవడినంత మాత్రాన సంబంధానికి లోటు రాదు. కృష్ణుడు ఆ రోజు విదురుని ఇంట భుజించాడు. ఆ ఇంటి గొప్పతనాన్ని వంటకాల సంఖ్యతో లెక్కించినవారు ఎవరూ లేరు. కుచేలోపాఖ్యానంలో మిత్రుని కొంగు నుంచి తీసిన అటుకులలో ఒక పిడికెడు తిని రెండవ పిడికిలి ఎత్తబోతుంటే రుక్మిణి చేయి పట్టుకుని ఆపుతుంది, ఆ ఒక్క పిడికిలితోనే తెచ్చినవాని ప్రేమ పూర్తిగా అందింది. స్వీకరించడం వేరు, కడుపు నింపుకోవడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా కలిపివేసిన అలవాటు మనదే గానీ, మన గ్రంథాలది కాదు. ప్రసాదం విషయంలో కూడా ఈ భేదం నిలుస్తుందా అన్నదే ఇక తేల్చవలసినది, ఎందుకంటే చుట్టం అలిగితే బతిమాలుకోవచ్చుగానీ దైవం అలిగితే ఏమవుతుందోనన్న భయం వేరే రకమైనది.

ఆ భయానికి తెలుగు ఇళ్ళలో అందరికీ తెలిసిన ఆధారం సత్యనారాయణ వ్రతకథ. స్కాందపురాణం రేవాఖండంలోనిదిగా చెప్పే ఈ కథలో ప్రసాద తిరస్కారం రెండుసార్లు వస్తుంది. సాధువనే వర్తకుని కూతురు కళావతి, భర్త పడవ రేవుకు చేరిందన్న వార్త వినగానే పూజ ముగించి ప్రసాదం తినకుండానే పరుగెత్తుతుంది. ఆ క్షణంలోనే పడవతో సహా భర్త కనిపించకుండా పోతాడు, ఆమె ఇంటికి తిరిగి వచ్చి ప్రసాదం స్వీకరించిన తరువాతనే మళ్ళీ దక్కుతాడు. వేటకు వెళ్ళిన తుంగధ్వజుడనే రాజు అడవిలో మర్రిచెట్టు కింద వ్రతం చేసుకుంటున్న గొల్లలను చూసి కూడా దగ్గరకు వెళ్ళడు, నమస్కరించడు, వారు తెచ్చి ముందు పెట్టిన ప్రసాదాన్ని వదిలివేసి వెళ్ళిపోతాడు. పుత్రులనూ సంపదనూ పోగొట్టుకుని, తిరిగి ఆ గొల్లల దగ్గరకే వచ్చి వారితో కలిసి పూజ చేసి ప్రసాదం తిన్నాక అన్నీ పొందుతాడు. ప్రతి పౌర్ణమికో, ప్రతి గృహప్రవేశానికో ఈ కథను విన్న చెవులకు ప్రసాదం వద్దన్న మాట అపశకునంలా వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

కానీ కథ దోషంగా చూపినది దేనిని? కళావతి విషయంలో అది తొందర, చేస్తున్న పనిపై నిలవవలసిన ధ్యాస తప్పడం; రాజు విషయంలో అది గర్వం, పెట్టేవారు గొల్లలు కావడం వల్ల కలిగిన చిన్నచూపు. వీరిలో ఏ ఒక్కరూ దేహధర్మం కారణంగా వద్దనలేదు. అంతకంటె ముఖ్యమైన విషయం ఆ కథ మొదటి భాగంలో, ప్రసాద విధానాన్ని చెప్పే చోట ఉన్నా, చాలామంది దానిని గమనించకుండా దాటిపోతారు. అరటిపండ్లు, నెయ్యి, పాలు, గోధుమపిండి లేదా గోధుమనూక, చక్కెర, వీటిని సపాదంగా, అంటే ఒకటింబావు కొలతలో తీసుకోవాలని చెప్పిన వెంటనే, గోధుమ దొరకకపోతే వరిపిండి, చక్కెర బదులు బెల్లం వాడుకోవచ్చని కూడా ఆ గ్రంథమే చెబుతుంది. దొరకనివారికి మారు పదార్థాన్ని విధిలోనే చేర్చిన శాస్త్రం, అరగనివారి పట్ల కఠినంగా ఉంటుందని ఊహించడానికి ఆధారం లేదు. భగవద్గీత తొమ్మిదవ అధ్యాయం ఆకు, పువ్వు, పండు, నీరు భక్తితో సమర్పిస్తే చాలునని అంగీకరించినప్పుడు, సమర్పణలో పదార్థం కంటె భావానికే పెద్దపీట అన్నది స్పష్టం. సమర్పణకు వర్తించిన న్యాయం స్వీకారానికి వర్తించకుండా పోదు.

స్వీకరించడం, భుజించడం అన్న ఈ భేదం ఊహాపోహ కాదనడానికి ధర్మశాస్త్ర సంప్రదాయంలో గట్టి నిదర్శనం ఒకటి ఉంది. ఏకాదశి నాడు పితృకార్యం వచ్చిందనుకుంటే, ఒకవైపు ఆ రోజు ఉపవాసం నిత్యవిధి, మరొకవైపు శ్రాద్ధం పెట్టినవారు పితృశేషాన్ని, అంటే పితృదేవతల కోసం వండి వడ్డించగా మిగిలిన అన్నాన్ని తినడం కూడా విధే. ఈ రెండు విధులూ ఢీకొన్నప్పుడు నిబంధ గ్రంథాలు, అంటే వేర్వేరు స్మృతులలోని వాక్యాలను ఒకచోట చేర్చి ఆచరణకు తగినట్టు నిర్ణయించే గ్రంథాలు, పితృశేషాన్ని ఆఘ్రాణించి, అంటే వాసన చూసి, ఉపవాసాన్ని కొనసాగించమని చెబుతాయి. ముక్కు దగ్గరకు తెచ్చుకుని వాసన చూడడంతోనే స్వీకారం పూర్తయినట్టు పరిగణించిన ఈ నిర్ణయం చాలా లోతైనది. పితృశేషం వంటి కఠిన విధిలోనే తినడానికి మారుగా ఆఘ్రాణం చెల్లినప్పుడు, దొన్నెలోని ప్రసాదాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, పక్కనున్న పిల్లవాని చేతిలో పెట్టినవారిని ప్రసాదాన్ని తిరస్కరించారని అనడం న్యాయం కాదు.

పూరీ జగన్నాథ క్షేత్రంతో ముడిపడి వల్లభ సంప్రదాయంలో చెప్పుకునే ఒక వృత్తాంతం ఇంతకంటె హృద్యంగా ఉంటుంది. తెలుగు వైదిక కుటుంబంలో పుట్టి ఉత్తర దేశంలో పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులు ఒక ఏకాదశి నాడు పూరీలో ఉండగా ఆయన చేతిలో మహాప్రసాదం పెట్టారు. తింటే ఏకాదశి వ్రతం చెడుతుంది, తినకపోతే మహాప్రసాదాన్ని అవమానించినట్టవుతుంది. ఆయన ఆ ప్రసాదాన్ని చేతిలో ఉంచుకుని రాత్రంతా దాని మహిమను స్తుతిస్తూ నిలబడి, ద్వాదశి ఘడియ వచ్చాక స్వీకరించారని ఆ సంప్రదాయం చెబుతుంది. వ్రతాన్నీ విడవలేదు, ప్రసాదాన్నీ విడవలేదు, పెట్టినవారినీ నొప్పించలేదు. మధుమేహం ఉన్నవారికి ద్వాదశి లాంటి గడువు ఉండదు గనుక ఈ వృత్తాంతం వారికి పూర్తిగా వర్తించదని అనవచ్చు. కానీ ఇందులో గ్రహించవలసినది గడువు కాదు, చేతిలో ఉన్నదాని పట్ల ఆ రాత్రంతా చూపిన గౌరవం.

ఇక్కడ ఎక్కువమంది చెప్పే సులువైన పరిష్కారం ఒకటుంది: చిటికెడు తింటే ఏమవుతుంది? గోరంత చక్కెర పొంగలి వల్ల రక్తంలో చక్కెర చెప్పుకోదగినంత పెరగదన్నది నిజమే. మంగళగిరి పానకాల నరసింహస్వామికి ఎంత పెద్ద బిందెతో పానకం పోసినా సగమే తాగి సగం భక్తులకు మిగులుస్తాడన్న విశ్వాసం తరతరాలుగా ఉంది; పానకమే పేరుగా గల దైవం కూడా ఒక మితం దగ్గర ఆగుతాడన్న ఆ భావన ఎంతో అందమైనది. చిటికెడు దగ్గర ఆగగలిగినవారు చిటికెడు తినడంలో తప్పేమీ లేదు. చిక్కంతా ఆగలేనివారి విషయంలోనే. గీత రెండవ అధ్యాయం ఈ సూక్ష్మాన్ని చాలా నిక్కచ్చిగా చెప్పింది: ఆహారం మానినవానికి విషయాలు, అంటే ఇంద్రియాలను ఆకర్షించే వస్తువులు దూరమవుతాయిగానీ, వాటిపై ఉన్న రుచి మాత్రం లోపల మిగిలే ఉంటుందని, పరమైనదాన్ని దర్శించినప్పుడే ఆ రుచి కూడా తొలగుతుందని దాని భావం. నెలల తరబడి తీపి ముట్టనివారి నాలుక మీద మొదటి చిటికెడు పడగానే లోపల అణగి ఉన్న ఆ రుచి లేచి కూర్చుంటుంది, రెండవ చిటికెడును మొదటిదే అడుగుతుంది. తాము ఈ రెండు తెగలలో దేనికి చెందినవారో ఎవరికి వారు నిజాయితీగా తేల్చుకోవాలి తప్ప, ఆగగలిగిన పొరుగువారిని చూసి ఆగలేనివారు, ఆగలేనివారిని చూసి ఆగగలిగినవారు నియమం పెట్టుకోవడం వ్యర్థం.

చరకసంహిత ఈ తడబాటుకు ప్రజ్ఞాపరాధం అని పేరు పెట్టింది. తెలిసి తెలిసీ చేసే తప్పుకు మూలం ధీ, ధృతి, స్మృతి అనే మూడింటిలో ఏదో ఒకటి జారిపోవడమేనని ఆ గ్రంథం వివరిస్తుంది. ధీ అంటే మేలు కీడులను సరిగా గుర్తించే తెలివి, ధృతి అంటే మనసును కీడు నుంచి మరల్చి పట్టి ఉంచే బలం, స్మృతి అంటే నిజాన్ని అవసరమైన క్షణంలో గుర్తుకు తెచ్చుకునే జ్ఞాపకశక్తి. తీపి మానినవారు విందులో ఓడిపోయేది సాధారణంగా ధీ లేక కాదు; తీపి తనకు పడదని వారికి ఇతరులకంటె బాగా తెలుసు. వారికి లోపించేది స్మృతి. పంక్తిలో కూర్చోగానే ఆపోశనానికి ముందే విస్తరి కొసన పరవాన్నం పడుతుంది, బొబ్బట్టు మీద నెయ్యి జారుతుంది, ఎదురుగా వరుసలో పదేళ్ళ నాటి స్నేహితుడు నవ్వుతూ కబుర్లు చెబుతుంటాడు, వడ్డించే చేయి విస్తరి మీద ఒక్క క్షణమే ఆగి ముందుకు జరిగిపోతుంది. ఆ ఒక్క క్షణంలో నియమం గుర్తుకు రావాలి. వడ్డించాక వదిలేస్తే విస్తరిలో అన్నం పారవేసిన దోషం, తింటే పథ్యం చెడిన దోషం. కాబట్టి గరిట ఇంకా గాలిలో ఉండగానే విస్తరిపై అరచేయి అడ్డం పెట్టడం ఒక్కటే ఈ రెండింటినీ తప్పించే ఉపాయం. మన పెద్దలు వద్దనడానికి మాటకంటె చేతినే ఎక్కువగా వాడేవారు. ఆ సంజ్ఞలో కారణం చెప్పవలసిన పని లేదు, మొహమాటం లేదు, ఎదుటివారికి చిన్నతనమూ లేదు.

మాటతో వద్దనేవారు తరచు చేసే పొరపాటు వేరే ఉంది. గీత పదిహేడవ అధ్యాయం శాస్త్రం విధించని ఘోర తపస్సులను దంభంతో, అహంకారంతో చేసేవారు తమ దేహాన్నే కాక దేహంలోని ఈశ్వరుణ్ణి కూడా హింసిస్తున్నారని హెచ్చరిస్తుంది. దంభమంటే తన నియమాన్ని పదిమందికి కనిపించేలా ప్రదర్శించడం. ఇతరులు ఆనందంగా తింటున్న పంక్తిలో కూర్చుని పంచదారను తెల్ల విషమని వర్ణించడం, పక్కవారి విస్తరిలోని లడ్డూకు కేలరీలు లెక్కకట్టడం, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో తనకు వచ్చిన అంకెను గొప్పగా చెప్పుకోవడం ఈ దంభం కిందికే వస్తాయి. తైత్తిరీయం అన్నాన్ని నిందించవద్దన్నది సరిగ్గా ఇటువంటి చోటనే వర్తిస్తుంది. తీపిని తినకపోవడం ఆ వ్రతాన్ని భంగపరచదు, తీపిని తిట్టడం భంగపరుస్తుంది. అన్నాన్ని త్రోసిపుచ్చరాదన్న రెండవ వ్రతాన్ని కూడా ఈ దృష్టితోనే, అంటే అవమాన భావంతో త్రోసిపుచ్చరాదన్న అర్థంలో గ్రహించడం సమంజసం. లేకపోతే అదే ఉపనిషత్తు అన్నాన్ని సర్వులకూ ఔషధమని కీర్తించడం పొసగదు, ఏ ఔషధమైనా అందరికీ ఒకే మోతాదులో సరిపడదు కదా.

పెట్టేవారి ధర్మం గురించి మన సాహిత్యం ఎంత విస్తారంగా మాట్లాడినా, ఈ విషయంలో వారి బాధ్యతను ఎత్తిచూపిన సందర్భాలు తక్కువ. కొసరి కొసరి వడ్డించడం తెలుగువారి మర్యాదకు ఆయువుపట్టు, దానిని విడిచిపెట్టమనడం తగదు. కానీ కొసరడానికీ బలవంతానికీ మధ్య ఒక గీత ఉన్నది. ఈ ఒక్కరోజుకు ఏమీ కాదు, మా ఇంటికి మళ్ళీ ఎప్పుడొస్తారు, ఒక్క పూతరేకు తింటే ప్రాణం పోతుందా అన్న మాటలు ఆ గీతను దాటుతాయి, ఎందుకంటే ఆ ఒక్కరోజు ఆ ఒక్క ఇంటికే పరిమితం కాదు. శ్రావణ మాసంలో మొదలై సంక్రాంతి దాకా ఏదో ఒక ఇంట ఏదో ఒక ఒక్కరోజు వస్తూనే ఉంటుంది. అతిథి తృప్తి చెందాడా లేదా అన్నదే ఆతిథ్యానికి కొలబద్ద. అరణ్యవాసంలో దుర్వాసుడు శిష్యులతో వచ్చినప్పుడు పాత్రకు అంటుకున్న ఒక్క మెతుకుతో వారందరికీ తృప్తి కలిగిన కథను ప్రేమగా చెప్పుకునే సమాజం, మజ్జిగ తాగి తృప్తిగా లేచిన అతిథిని చూసి చిన్నబోవలసిన పని లేదు.

ఇందులో మరొక బాధాకరమైన కోణం ఉంది. వద్దన్నప్పుడల్లా ఎందుకని అడగడం మనకు అలవాటు, ఆ ప్రశ్నకు పదిమంది ముందు జవాబు చెప్పడం అందరికీ సాధ్యం కాదు. చిన్న వయసులోనే ఇన్సులిన్ మీద ఆధారపడవలసి వచ్చిన ఆడపిల్లలు పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో జబ్బును దాచుకోవడం, పెళ్ళి భోజనాల దగ్గర ఇన్సులిన్ వేసుకోవడానికి చోటు దొరకక తిప్పలు పడడం, లేదా ఎవరూ అడగకుండా ఉండేందుకు మౌనంగా తీపి తినేయడం మన కుటుంబాలలో జరుగుతున్నదే. పథ్యానికి కారణం అడగకుండా ఉండడం కూడా ఆతిథ్యంలో భాగమని గుర్తించిన ఇల్లు అటువంటి పిల్లకు చేసే మేలు, పది రకాల వంటలు వండిపెట్టిన ఇల్లు కూడా చేయలేదు.

ప్రయాణం విషయానికి వస్తే శాస్త్రం మొదటి చూపులో ఉదారంగా కనిపిస్తుంది. ఆచారాన్ని సొంత ఊరిలో పూర్తిగా పాటించాలని, దారిలో సడలించుకోవచ్చని, రోగికి ఆ నిర్బంధం లేదని చెప్పే భావన స్మృతి సంప్రదాయంలో ఉంది. ఇస్లాంలో కూడా రోగికీ ప్రయాణికునికీ రంజాన్ ఉపవాసం నుంచి మినహాయింపునిచ్చి, ఆ రోజులను తరువాత పూరించుకునే వీలు కల్పించారు. ఈ సడలింపులన్నీ దయతో పుట్టినవే. అయితే అవి పుణ్యానికి సంబంధించిన నియమాలకు ఇచ్చిన సడలింపులు. శౌచంలో, సంధ్యలో, ఉపవాసంలో దైవం చూసీచూడనట్టు పోవచ్చుగానీ, రక్తనాళాలకు ఊరూ దారీ అన్న భేదం తెలియదు. ప్రయాణంలో ఉన్నాం కాబట్టి ఫరవాలేదనుకోవడం ఆచారానికి ఉద్దేశించిన మినహాయింపును పథ్యానికి అరువు తెచ్చుకోవడమే.

ఏది ఆపద, ఏది సౌకర్యం అన్న వివేచనకు ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుని కథ గొప్ప ఆధారం. కురుదేశంలో పంటలు పాడై కరువు వచ్చినప్పుడు భార్యతో సహా ఊరు విడిచిన ఆ పండితుడు, గుగ్గిళ్ళ వంటి కుల్మాషాలు తింటున్న ఒక మావటిని యాచించి అతని ఎంగిలి గుగ్గిళ్ళనే తింటాడు. మావటి నీళ్ళు కూడా ఇవ్వబోతే మాత్రం అవి ఎంగిలివని వద్దంటాడు. గుగ్గిళ్ళు మాత్రం ఎంగిలి కావా అని మావటి అడిగితే, అవి తినకపోతే తాను బతకడని, నీళ్ళు కావాలంటే ఎక్కడైనా దొరుకుతాయని బదులిస్తాడు. ఒకే చేతి నుంచి వచ్చిన రెండింటిలో ఒకటి తీసుకుని ఒకటి వద్దనడంలో ఆయన చూపిన వివేకమే రైలు ప్రయాణికునికీ కావాలి. స్టేషన్‌లో ముందే చక్కెర కలిపి అమ్మే టీ లేకపోతే ప్రాణం పోదు. ఇంటి నుంచి వేయించిన శనగలో, పల్లీలో, జొన్నరొట్టెలో కట్టుకుని వెళ్ళినవారికి దారిలో ఆపద అన్నమాటే రాదు. ఏమీ తీసుకోకుండా బయలుదేరి, ఆకలి ముదిరాక బిస్కెట్లు తప్ప వేరే గతి లేదనడం ఆపద్ధర్మం అనిపించుకోదు.

పుణ్యక్షేత్రాలలో మరొక పొరపాటు జరుగుతుంది. లడ్డూను వద్దని, తీపి లేదు కదా అని పులిహోరను రెండు దొన్నెలు తినేవారు ఎక్కువ. అన్నం కూడా జీర్ణమయ్యాక గ్లూకోజుగానే మారుతుంది గనుక పులిహోర, దద్ధ్యోదనం, కట్టె పొంగలి నాలుకకు తీపి కాకపోయినా రక్తానికి తీపే. అన్నవరంలో గోధుమ నూకతో చేసిన ప్రసాదమైనా అంతే, నూకలోని పిండిపదార్థానికి పంచదార కూడా తోడవుతుంది. వీటన్నిటినీ కళ్ళకద్దుకుని స్వల్పంగా స్వీకరించి మిగిలినది పంచిపెట్టడమే యాత్రికునికి తగిన మార్గం, ప్రసాదం పంచినకొద్దీ పుణ్యమన్న మాట ఎలాగూ మన సంప్రదాయంలో ఉన్నదే.

మధుమేహానికీ ప్రయాణానికీ ఉన్న బంధం గురించి ప్రాచీన వైద్యం చెప్పినది వింటే నేటి యాత్రికుడు నివ్వెరపోతాడు. చరకుడు ప్రమేహానికి, అంటే మధుమేహం ఒక భాగంగా గల మూత్రరోగ సముదాయానికి కారణాలు చెబుతూ హాయిగా కూర్చోవడాన్ని, హాయిగా నిద్రపోవడాన్ని, పెరుగును, కొత్త ధాన్యాన్ని, బెల్లంతో చేసే వంటకాలను ఒకే వరుసలో చేర్చాడు. సుశ్రుతుడు ధనమూ బంధువులూ లేని రోగికి చికిత్సగా ప్రయాణాన్నే విధించాడు: చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా, భిక్షాన్నం తింటూ, ఒక ఊరిలో ఒక రాత్రికి మించి ఉండకుండా, మునిలా ఇంద్రియాలను అదుపులో పెట్టుకుని నూరు యోజనాలో అంతకు మించో నడవమన్నాడు. ఆనాటి యాత్ర పాదాలను అరగదీసి రోగాన్ని తగ్గించేది, ఈనాటి యాత్ర కూర్చున్నచోటి నుంచి కదలకుండా సీటు దగ్గరకే తినుబండారాలను తెస్తుంది. పుణ్యక్షేత్రానికి కాలినడకన వెళ్ళే ఆచారం నిలిచి ఉన్నచోట ఆ పాత చికిత్స కొంతైనా మిగిలి ఉన్నట్టే. అలిపిరి నుంచి తిరుమల కొండకు ఉన్న 3,550 మెట్లు ఎక్కేవారిని చూస్తే సుశ్రుతుని మాట గుర్తుకు వస్తుంది.

ఆ మెట్ల మీదనే తీపి మానిన నియమానికి అసలైన మినహాయింపు కూడా ఎదురవుతుంది. ఇన్సులిన్ వేసుకునేవారు, కొన్ని రకాల మాత్రలు వాడేవారు దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదన్న సంకల్పంతో ఖాళీ కడుపున ఎక్కుతుంటే, శ్రమ వల్ల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు దానికి గుర్తులు; పరీక్షలో అంకె డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటె తక్కువగా ఉంటే ఆలస్యం చేయడానికి వీలు లేదు. ఇతర సమయాలలో పథ్యాన్ని కాపాడే ధృతి ఆ క్షణంలో మొండితనంగా మారితే అదే ప్రజ్ఞాపరాధం అవుతుంది. మహాభారతంలో విదురుడు వ్రతాన్ని చెడగొట్టని ఎనిమిదింటిని లెక్కిస్తూ నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట అని చెప్పి చివర ఔషధాన్ని చేర్చాడు. వీటిలో గురువు మాటను, పెద్దల కోరికను అడ్డుపెట్టుకుని విందులో తీపి తినిపించేవారు ఉన్నారుగానీ, అది ఉపవాస వ్రతానికి చెప్పిన మినహాయింపే తప్ప పథ్యానికి చెప్పినది కాదు, గురువు చెప్పినంత మాత్రాన పెరిగిన చక్కెర తగ్గదు. ఔషధం మాట అలా కాదు. పడిపోతున్నవారికి చక్కెర నిజంగానే ఔషధం, సంచిలో ఉన్న లడ్డూ కంటె నీటిలో కలిపిన గ్లూకోజు పొడి లేదా మూడు చెంచాల పంచదార మేలైన ఔషధం, ఎందుకంటే లడ్డూలోని నెయ్యి చక్కెరను రక్తంలోకి త్వరగా చేరనివ్వదు. దాదాపు 15 గ్రాములు తీసుకుని, మెట్టు మీదనే 15 నిమిషాలు కూర్చుని, మళ్ళీ కొలుచుకుని, అంకె ఇంకా 70 లోపే ఉంటే మరొకసారి తీసుకుని, అది దాటి ఒళ్ళు కుదుటపడిన తరువాత ఏదైనా కొంత తిని నడక కొనసాగించాలి. కొండపైకి చేరాక దీనికి ప్రాయశ్చిత్తం ఏదైనా ఉన్నదా అని అర్చకులను అడగవలసిన అవసరం లేదు.